సీసాలో బియ్యం, నాయనమ్మ చూపు

నిన్న ఉదయం బియ్యం డబ్బా మూత తీసేసరికి ఒక ముక్కుపురుగు అంచు మీద నింపాదిగా నడుస్తూ కనిపించింది. దాన్ని తీసి అవతల వేయడానికి క్షణం చాలు. నేను మాత్రం పావుగంట అక్కడే నిలబడిపోయాను. పాత సంగతి రాసే ముందు అందులో ఏది నిక్కమో, ఏది వినికిడో వేరు చేసుకోవడం నా అలవాటు. డెబ్బయ్యవ దశకం నడుమ ఒక వానాకాలం, మట్టెవాడలో మా బియ్యం దుకాణం, దాని వెనకే ఇల్లు, ఇంటర్ మొదటి సంవత్సరంలో నా జీవశాస్త్రం, రెండు గాజుసీసాలు: ఇవి నిక్కం. నాయనమ్మ నాతో పందెం కాసిందని బజారంతా చెప్పుకున్నది వినికిడి. ఆమె పందెం కాయలేదు, షరతు పెట్టింది. పందెంలో అయితే ఇద్దరిలో ఎవరైనా నష్టపోవచ్చు. ఈ షరతులో నష్టపోవలసింది నేనొక్కదాన్నే.

జీవం జీవం నుంచే పుడుతుందని ఆ వారమే కాలేజీలో చెప్పారు. మాంసం ముక్కను మూసి ఉంచితే ఈగ వాలదు, ఈగ వాలకపోతే పురుగు పుట్టదు. ఈ సంగతి విన్న నాకు ఇంట్లో కాలు నిలవలేదు. నాయనమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, చూపుతో కాక వేళ్లతోనే పురుగులు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని పాఠం అప్పజెప్పాను.

"బియ్యంల పురుగు బియ్యంలనే పుడ్తది బిడ్డా. వానకాలం చెమ్మ తగిల్తె సాలు. అరవై ఏండ్ల సంది చూస్తాన."

"లేదు నాయినమ్మా, తల్లి లేకుంట ఏ పురుగూ పుట్టదు."

"గట్లనా? అయితె నాకు సూపెట్టు. దసరా దాక చూస్త. సూపెట్టకపోతె కాలేజి బంద్. అబద్ధాలు నేర్పేకాడికి పిల్లను ఎందుకు తోలాలె?"

"జర ఊకో అమ్మా," అన్నాడు బాపు. అనడం వరకే. మా ఇంట్లో ఆమె మాట మీద మరో మాట లేదు.

మిల్లు నుంచి అప్పుడే వచ్చిన బియ్యాన్ని రెండు సీసాలలో పోశాను. ఒకదాన్ని తెరిచి ఉంచాను, రెండోదాని మూతికి పలుచని గుడ్డ కట్టాను. ఆ తర్వాతి రోజులు నేను మనిషిలా బతికానని చెప్పలేను. తల దువ్వుకుంటూ ఒకసారి, అన్నం మధ్యలో లేచి ఒకసారి, కాలేజీకి బయల్దేరి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి మరొకసారి సీసాలు చూసేదాన్ని. తదేకంగా చూస్తే బియ్యపు గింజలన్నీ కదులుతున్నట్టే ఉంటాయని అప్పుడే తెలిసింది. మొదట తెరిచిన సీసాలో పురుగు కనిపించింది. పండగ చేసుకున్నాను. నాలుగు రోజులకు గుడ్డ కట్టిన సీసాలోనూ కనిపించింది. ఒకటి కాదు, మూడు.

బాపు తమ్ముణ్ని మేము కాక అని పిలిచేవాళ్లం. ఆయన దుకాణంలోకి వచ్చిన ప్రతివాడికీ ఆ సీసా ఎత్తి చూపించాడు. "మా పంతులమ్మ చేసిన కొలువు చూడున్రి! పురుగులకు గుడ్డ కప్పి జోకొడ్తాంది." నాయనమ్మ నవ్వలేదు. దసరాకు ఇంకా పది రోజులే ఉన్నాయని మాత్రం గుర్తుచేసింది.

మర్నాడు మా లెక్చరర్ దగ్గర ఏడుపు దిగమింగుకుంటూ నిలబడ్డాను. ఆవిడ ఓదార్చలేదు. "ఏమేం చేశావో మొదటి నుంచి చెప్పు. ముఖ్యం కాదనిపించింది కూడా వదలకు," అన్నారు. సీసాలు కడిగాను, ఎండబెట్టాను, ఇంట్లో బియ్యం నిల్వ చేసే కాగు అడుగు నుంచి చిటికెడు నిరుటి బియ్యం వేశాను, వాటి మీద కొత్తవి... అక్కడ నా నోరు ఆగిపోయింది. మా ఇంట్లో ఉత్త పాత్రలో బియ్యం పోయరు. అడుగు కనబడితే లక్ష్మి వెళ్లిపోతుందని గుప్పెడు పాతవి మిగిల్చి, వాటిమీదే కొత్తవి పోస్తారు. నా చెయ్యి ఆ పని తనంతట తానే చేసింది. నేను దాన్ని రికార్డులో కూడా రాయలేదు. ఆవిడ కాగులోని పాత గింజలు కొన్ని తెప్పించి, నానబెట్టి, బ్లేడుతో ఒక్కొక్కటే చీల్చారు. ఏడో గింజలో, కాళ్లు లేని, గోధుమరంగు తల ఉన్న తెల్లని పిల్లపురుగు ముడుచుకుని పడుకుంది. తల్లి గింజకు రంధ్రం చేసి, గుడ్డు పెట్టి, రంధ్రాన్ని పూడ్చి వెళ్తుందట. నేను గుడ్డ కట్టేనాటికే గుడ్లు లోపలున్నాయి.

భూతద్దం అడిగి తీసుకుని, ఆ గింజను కాగితంలో చుట్టుకుని ఇంటికి పరుగెత్తాను. గడపలోనే అరిచాను: "నాయినమ్మా, దొరికింది! తెల్లగున్నది, తలకాయ ఎర్రగున్నది, గింజల పండుకున్నది!" ఆమెను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి చేతికి అద్దమిచ్చాను. చాలాసేపు చూసింది.

"అవ్. తెల్లగనే ఉన్నది. తలకాయ ఎర్రగున్నది," అంది. తర్వాత తలెత్తి, "నేనన్నదీ గిదే కద! బియ్యం లోపట్నే పుట్టింది," అంది. కాక పకపకా నవ్వాడు. ఆమె ఆయన వైపు తిరిగింది. "నువ్వెందుకు నవ్వుతానవ్‌రా? దీన్ని పెట్టిపోయిన తల్లి ఉన్నదని పోరి అంటాంది. పోనీ కాలేజికి, ఇంకేం తెస్తదో సూద్దాం."

పాత బియ్యం వేయకుండా, మూతి కట్టిన మరో సీసాను దీపావళి దాటేవరకు ఉంచాను. ఒక్క పురుగూ రాలేదు. ఒక్క సీసాతో ఏదీ రుజువు కాదని ఇప్పుడు తెలుసు. అయినా రికార్డులో రాసుకున్నాను.

ఆ చలికాలమే నాయనమ్మను కంటి దవాఖానకు తీసుకుపోయాం. రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయని, మొహం ముందు వేళ్లు ఆడిస్తే లెక్కపెట్టడమే ఎక్కువని, కనీసం ఏడాదిగా ఇలాగే ఉండి ఉండాలని డాక్టరు అన్నాడు. ఆ ఏడాది ఆయన అంచనాయే, కొలత కాదు. భూతద్దం, మంచి ఎండ కలిసి కొంత సాయం చేసి ఉండవచ్చు కూడా. ఆమె ఆ రోజు పిల్లపురుగును నిజంగా చూసిందా, లేక నా కోసం చూశానన్నదా? ఈ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదంటే, ఏం కనబడుతోందని అడగకముందే రంగుతో సహా జవాబంతా గడపలోనే ఆమెకు చెప్పేశాను. అప్పుడు ఒక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే తేలిపోయేది. తర్వాత వచ్చిన ఇన్ని సంవత్సరాలూ కలిసి ఆ నిమిషం చేయగలిగిన పని చేయలేకపోయాయి.