మడమ గేరు

మూతపడ్డ రిసార్టు వాళ్ల దగ్గర నేను ఏటీవీ కొన్నానని తెలిసి జహీరాబాద్‌లో మా వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. లావు టైర్ల నాలుగు చక్రాల బండి అది, సెలవులకు వచ్చినవాళ్లు సరదాకి తిప్పేది. నేనేమో యాభై దాటిన మనిషిని. నవ్వితే నవ్వనీ! గట్టు మీద జారిపడి ఎడమ చీలమండ విరిగింది, రాడ్లు వేశారు. అప్పటి నుంచి పాదం పైకి లేవదు, దూరం నడవలేను. మొగుడంపల్లి దారిలో ఉన్న మా అల్లం చేను చూసి ఏడాది అవుతోంది. ఆ బురదలో మా ఆయన మోటార్ సైకిల్ పోదు. ఇది పోతుంది.

తీరా ఎక్కితే, గేరు పెంచాలంటే కాలి వేళ్లతో పెడల్‌ను పైకెత్తాలట. నా పాదం ఎత్తదు కదా! మొదటి గేరులోనే ఇంటికొచ్చాను. బండి గొంతు చించుకుంటుంటే బర్రెలు నన్ను దాటిపోయాయి.

“గిది నీతోని కాదు గని, అమ్మేద్దాం. రాయికోడ్ నుంచి ఒకాయన చూడనీకి వస్తనన్నడు,” అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. బండి పోతే ఇక చేను ముఖం చూడను. కోపంతో వాకిట్లో తిరుగుతుంటే ఆయన మోటార్ సైకిల్ కంటపడింది. దాని గేరు పెడల్‌కు ముందొక కొస, వెనకొక కొస. వెనక కొస మడమతో తొక్కితే ముందుది దానంతటదే లేస్తుంది! తొక్కడానికి నాకేం రోగం?

వెల్డింగ్ షాపతను కడుపు పట్టుకుని నవ్వాడు. “అక్కా, చెప్పులతోని తోల్తవా దీన్ని?”

“చెప్పులతోనే తోల్త. జర వెడల్పుగ పెట్టు.”

పెడల్ వెనక ఇనుప పట్టీ అతికించాడు. మరీ దగ్గరైతే కోసి మళ్లీ అతికించాడు. మెత్తగా ఉండాలని నీళ్ల పైపు ముక్క తొడిగాడు, పాదం ఆనేచోట వెడల్పాటి రేకు బిగించాడు. ఎక్కి మడమ నొక్కాను. టక్! రెండో గేరు. టక్! మూడోది. చిన్నపిల్లలా కేకపెట్టాను.

రాయికోడ్ ఆయన రానే వచ్చాడు. “నేను తోలి చూపిస్త,” అంటూ మా ఆయన ఎక్కాడు. ఆయన మోటార్ సైకిల్‌కు ముందు కొస తొక్కితే గేరు పెరుగుతుంది. దీనికి తగ్గుతుంది. నేను చెప్పలేదు. ఎందుకు చెబుతాను? తడుముకుంటుంటే మడమ వెనక కొసకు తగిలి ఎలాగో రెండో గేరు పడింది. ఇక మూడోది వేద్దామని అలవాటు కొద్దీ ముందు కొస గట్టిగా తొక్కాడు. బండి బొబ్బపెట్టి ఆయన్ని హ్యాండిల్ మీదికి విసిరింది.

“గేర్లన్నీ ఉల్టా ఉన్నయ్ కదనే!”

“గిసొంటి ఉల్టా బండి నాకొద్దు,” అని వచ్చినాయన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

“జర ఎనుకకు జరుగు,” అని నేనెక్కాను. మడమ నొక్కుతూ ఊరు దాటించి, బురదలోకి దింపాను. బండి ఊగుతోంది, నా ప్రాణమూ ఊగుతోంది.

“మెల్లగ పోవే, పడ్తం!” అంటూ ఆయన రెండు చేతులతో నా భుజాలు పట్టుకున్నాడు. పెళ్లైనప్పటి నుంచి ఆయన వెనక కూర్చుని నేను అంటూ వచ్చిన మాట అది.

గట్టు మలుపులో మా అల్లం పచ్చగా కనిపించింది. నవ్వుతూనే ఏడ్చేశాను, మడమ ఇంకోసారి నొక్కాను.