కొర్రమట్ట ఆపిన గూడ్సు బండి

భోకర్ దగ్గరి చెరువులో ఒక కొర్రమట్ట బొగ్గు నింపిన గూడ్సు బండిని ఇంజనుతో సహా ఆపేసింది. సరే, బండిని కాదు, బండి నడిపిన మనిషిని. ఆపడం కూడా కాదు, మెడలోతు నీళ్ళలోకి లాగింది. పోనీ, మోకాలి లోతే అనుకుందాం. చేప మాత్రం నిజం.

ఆ మనిషి అనంతరాములు. నిజామాబాద్ నుంచి వచ్చి, నాందేడ్‌లో రైలింజను డ్రైవరుగా చేసి, అక్కడే ఇల్లు కట్టుకుని రిటైరయ్యాడు. ఇప్పుడు రెండు కళ్ళలోనూ మోతిబిందు, అంటే శుక్లాలు, ముదిరి, లోకమంతా పాలు ఒలికిన గాజు వెనకాల ఉన్నట్టుంది. భార్య లక్ష్మీబాయి ఆపరేషనుకు రోజు ఖాయం చేసినప్పుడల్లా ఆయనకు ఎక్కడలేని దగ్గు పుట్టుకొచ్చేది. కంటి దగ్గరికి కత్తి వస్తుందంటే భయం. ఆ సంగతి చచ్చినా ఒప్పుకోడు. "నాకు మంచిగనే కనవడ్తుంది" అంటాడు, తలుపుకు తగిలించిన చొక్కాను లోపలికి వచ్చి కూర్చోమంటూ.

అందుకే ఆ ఆదివారం సూర్యకాంత్ బైకు మీద దిగాడు. ఒకప్పుడు అదే ఇంజనులో పక్క సీటు అసిస్టెంటు.

"చెరువుకు పోదాం నడువు, ఉస్తాద్. పందెం! ముందు నాకు కొర్రమట్ట పడితే రేపు నువ్వు దవాఖానకు రావాలె. నీకు పడితే ఇగ ఆపరేషన్ మాట నేనెత్త, వదినెను ఎత్తనియ్య."

"నీ మొకానికి కప్ప గూడ పడది" అని అనంతరాములు బైకెక్కాడు.

గాలాలకు చిన్న కప్పల్ని గుచ్చి, నీళ్ళ మీద బెండ్లు తేలవిడిచి, ఇద్దరూ గట్టున కూర్చున్నారు. అనంతరాములు గంభీరంగా ముందుకు చూస్తున్నాడు.

"నా బెండు మీద తూనీగ వాలింది, చూసినవా?"

"అది కలువాకు, ఉస్తాద్. నీ బెండు గీ దిక్కున్నది."

ఆయన ఇటు తిరిగాడు. ఎండ ఎక్కింది. తెచ్చుకున్న జొన్నరొట్టె అయిపోయింది. ఉన్నట్టుండి అనంతరాములు బెండు మునిగింది, సూర్యకాంత్ గొంతు చించుకున్నాడు.

"రెడ్!"

"రెడ్!" అని అనంతరాములూ అరిచాడు.

ఇంజనులో అది నియమం. సిగ్నల్ కనబడగానే ఒకరు రంగు అరవాలి. రెండోవారు తమ కళ్ళతో చూసి అదే రంగు అరవాలి. రెడ్ అంటే బ్రేకు. గాలం కర్రను పైకి లాగాల్సిన చెయ్యి గాలిలో బ్రేకు కోసం తడిమింది. కొర్రమట్ట కర్రను గుంజుకుపోయింది, ఆ కర్ర వెంట అనంతరాములు బురదలోకి జారాడు. సూర్యకాంత్ ఆయన నడుం పట్టుకుని వెనక్కి గుంజితే మనిషీ, కర్రా, చేపా ఒకదాని మీద ఒకటి గట్టున పడ్డాయి.

"గెల్చిన!" అని అనంతరాములు బురద ఉమ్మాడు.

"అరే దేవా! బెండు మునిగినప్పుడు నోరు మూసుకుంటే అయిపోతుండె. పాత అలవాటు, నోరు ఆగలే" అని సూర్యకాంత్ తల పట్టుకున్నాడు. "సరే, మాటంటే మాటనే. ఇగ ఆపరేషన్ ఊసెత్త."

అనంతరాములు నవ్వబోయి ఆగాడు. నీళ్ళవైపు చూశాడు. అక్కడ తెల్లటి మసక తప్ప ఏమీ లేదు.

"సూర్యా, నా సర్వీసుల నేను ఎన్నడన్న చూడకుంట రంగు చెప్పిన్నా?"

"ఎన్నడు చెప్పలే, ఉస్తాద్."

"ఇయ్యాల చెప్పిన." తడి ముఖం కండువాతో తుడుచుకున్నాడు. "రేపు దవాఖాన ఎప్పుడు తెరుస్తరు?"

ఆపరేషను అయింది. నల్లద్దాలు పెట్టుకుని ఆయన మేడ మీద కూర్చుంటే కాలనీవాళ్ళు చుట్టూ చేరారు. సూర్యకాంత్ కథ చెబుతూ చేతులు బార్లా చాపి చేప పొడవు చూపిస్తున్నాడు. దూరాన పట్టాల మీద సిగ్నల్ మారింది.

"గ్రీన్" అన్నాడు అనంతరాములు, అందరికంటే ముందు.

సూర్యకాంత్ తిరిగి చూసి "గ్రీన్" అన్నాడు.

"మరి ఆ కొర్రమట్ట సంగతేంది, కాకా?" అని ఎవరో అనంతరాములును అడిగారు.

"ఏ కొర్రమట్ట? నేను భోకర్ దిక్కే పోలే. ఆ చేపను లక్ష్మి బజార్ల కొన్నది. గీయన మాటలు నమ్మకుండ్రి, అంతా అబద్ధం!"