జెండాలు పాతిన మూడెకరాలు

మొన్న గురువారం పొద్దున జగిత్యాల నుంచి తమ్ముడు ఫోన్ చేసి, మా పెద్దబాపు పోయాడని చెప్పాడు. ఎనభై దాటిన మనిషే, ఎదురుచూస్తున్న కబురే.

కోరుట్ల బడిలో డ్రిల్లు మాస్టరు ఆయన. ఇంట్లోనూ విజిల్ మెడలోనే ఉండేది. అన్నం ఆలస్యమైతే ఊదేవాడు, పెద్దమ్మ గరిటె చూపించేది.

రిటైరైనప్పుడు పీఎఫ్ డబ్బంతా ఒక్కసారే చేతికొచ్చింది. బ్యాంకులో వేసి వడ్డీతో బతుకుదామంది పెద్దమ్మ. ఈయన వింటేనా! నక్సలైట్ అన్నలకు భయపడి హైదరాబాదు వెళ్ళిపోయిన ఒక దొర, పెగడపల్లి దగ్గరి మూడెకరాలు సగం ధరకే ఇస్తానన్నాడు. పెద్దబాపు పహాణీలో పట్టాదారు పేరు మూడుసార్లు చూసి మొత్తం డబ్బు అందులోనే పెట్టాడు. ఆ చేను దున్నుతున్నదెవరని మాత్రం అడగలేదు. కాగితం చదవడం వచ్చినవాళ్ళం చేసే తప్పే అది.

తొలకరికి కొబ్బరికాయ పట్టుకుని, నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. దున్నేవాడిదే భూమి అంటూ అన్నలు గట్ల మీద ఎర్రజెండాలు పాతి ఉన్నారు. ఆ చేను దున్నే రైతు అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది మేమే దున్నుతున్నం సారూ. కొనేముందు ఒక్క మాటన్న అడగకపోతిరి," అన్నాడు.

పెద్దబాపు కాయ కొట్టకుండానే తిరిగొచ్చాడు. అన్నల మనిషంటారని పోలీసులకు భయపడి ఆ రైతూ చేన్లోకి దిగలేదు. జెండాలున్న భూమిని కొనేవాడు ఎవడు? చేను బీడుపడింది. కాపలా ఉంటాం, దున్నుకొమ్మని పోలీసులే అన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

"ముందుగాల గాయన్ను ఠాణాకు గుంజుకపోతరు. గా అన్నం నాకు దిగదు," అన్నాడు.

మూడేళ్ళకు పెద్దమ్మకు గుండె ఆపరేషన్ అన్నారు. చేతిలో డబ్బులేదు, ఉన్నదంతా ఆ బీడులోనే ఉంది. తెలిసినవాళ్ళు తలా కొంత ఇచ్చినా సరిపోలేదు. పెద్దమ్మ పోయింది. ఆయన చేసింది న్యాయమేనని నాకు తెలుసు. అయినా ఆ మొండితనం మీద నాకు చాలాకాలం కోపముండేది, ఆయన మొహం మీదే అనేశాను కూడా.

అన్నల జోరు తగ్గి జెండాలు పోయాక ఆ రైతుకు ఒక ఎకరం రాసిచ్చాడు. మిగతా రెండూ అలాగే ఉంచాడు. పోయిన నెల జబ్బు ముదిరిందని తెలిసి చూడటానికి వెళ్ళినప్పుడు, ఇప్పుడు మంచి ధర ఉంది, అమ్మి పెద్ద దవాఖానలో చూపించుకొమ్మని బతిమాలాను.

"గిప్పుడెందుకు బిడ్డా. గప్పుడు గావాల్సుండె," అన్నాడు.

అని, పక్కనే ఉన్న పెద్దమ్మ మంచం మీది దుప్పటి ముడతల్ని మెల్లగా చేత్తో సాపు చేశాడు.