ఆయన చొక్కా వేసుకుని లేతు నేర్చుకున్నాను

మా ఆయన చనిపోయింది బొగ్గుబావిలో కాదు. ఇల్లందులో ఆ మాట చెబితే ఎవరూ వెంటనే నమ్మేవారు కాదు. బావిలో పంపు ఆపరేటర్ కదా, పైకప్పు కూలిందా, నీళ్లు ముంచాయా అని అడిగేవారు. ఆయన అడవుల్లో చర్ల దగ్గర చుట్టాల పెళ్లికి వెళ్లి, అక్కడ కొన్నాళ్లుండి, చలిజ్వరంతో తిరిగొచ్చారు. అడవి జ్వరమే కదా, మాత్రలు మింగితే తగ్గుతుందనుకున్నాం. మలేరియా మెదడుకెక్కిందని దవాఖానాలో చెప్పేసరికి ఆయనకు నేనెవరో తెలియడం లేదు. మర్నాడు పొద్దున పోయారు. మా పెళ్లయి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. పిల్లలు లేరు.

నేను ఏడవలేదు. వచ్చినవాళ్లు నా మీద పడి ఏడ్చారు, నన్ను పట్టి కుదిపారు. "ఏడువు బిడ్డా, లోపల పెట్టుకుంటే పానం కరాబైతది" అన్నారు. లోపల ఏమైనా ఉంటే కదా పెట్టుకోవడానికి. చలికాలంలో పొద్దున్నే చన్నీళ్లలో చాలాసేపు బట్టలు ఉతికితే వేళ్లు ఎలా అయిపోతాయో, మనిషి మొత్తం అలా ఉండేది. తినమంటే తినేదాన్ని. ఉప్పు ఎక్కువైందని పక్కవాళ్లంటే అప్పుడు తెలిసేది.

ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ల ఇంట్లో ఒకరికి బొగ్గు కంపెనీ కొలువు ఇచ్చేది. దినాలు కాగానే చుట్టాలంతా కూర్చుని, అది మా మరిదికి రావాలన్నారు. ఆడమనిషికి బావి దగ్గర పనేముంటుందని వాళ్ల మాట. మా అత్త అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉంది. ఆమె నోరు తెరిచింది.

"ఆనికి కాళ్లు చేతులు మంచిగున్నయి. ఏడనన్న బతుకుతడు. ఈ పిల్ల ఏడికి పోతది? కొలువు ఆమెకే."

"రేపు ఇంకో పెండ్లి చేసుకొని పోతే?" అని ఎవరో అన్నారు.

"పోతే పోనీ. నా కొడుకు పెండ్లామే కద తినేది."

వాళ్లు మాట్లాడుకుంటున్నది నా గురించేనని తెలుసు. కానీ పక్కింటి రేడియో వింటున్నట్టే ఉంది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

ఆ రోజుల్లో అలా వచ్చిన ఆడవాళ్లను ఊడవడానికో, క్యాంటీన్‌లోనో, ఆఫీసులో నీళ్లు ఇవ్వడానికో పెట్టేవారు. నేను పదో తరగతి పాసయ్యానని చూసి ఆఫీసరు, వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌లను తీసుకుంటున్నారు, మిషన్ పని నేర్చుకుంటావా అని అడిగాడు. సరే అన్నాను. తరువాత చాలామంది నన్ను ధైర్యవంతురాలని పొగిడారు. అది ధైర్యం కాదు. అతను క్యాంటీన్ అన్నా నేను సరే అనేదాన్నే.

వర్క్‌షాప్ అంటే పొడుగాటి రేకుల షెడ్డు. బావుల్లో పాడైన పంపుల, బొగ్గు తొట్లను లాగే హాలేజీ ఇంజిన్ల భాగాలు అక్కడికి వచ్చేవి. అరిగిన వాటిని చూసి అదే కొలతతో కొత్తవి చేసేవారు. నాతోపాటు చేరినవాళ్లంతా ఐటీఐ చదివిన మగపిల్లలు. మా అందరికీ పని నేర్పే టర్నర్, అంటే లేతు మీద పనిచేసేవాడు, యాభై దాటిన మనిషి. సన్నగా ఉండేవాడు. శుక్రవారం జుమ్మా రోజు మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చేవాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవారు. నేనూ అలాగే పిలిచాను.

మొదటి రోజు ఆయన నా ముఖం కాదు, నా చీర చూశాడు.

"గీ చీరతోని లేత్ కాడికి రావద్దు బిడ్డా. కొంగు జర తగిలినా చక్ గుంజుకుంటది. దాని ఎనక మనిషిని గుంజుతది. మిషన్‌కు ఆడ మగ తెల్వదు."

లేతు అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే మిషన్. చక్ అంటే దాని మీద ఇనుప కడ్డీని పట్టుకుని గిరగిరా తిరిగే దవడ. అది తిరుగుతుంటే కంటికి నిలబడినట్టే ఉంటుంది. అదే ప్రమాదం.

కొన్నాళ్లు దూరంగా నిలబడి సామాను అందించాను. ఇంట్లో ఈ సంగతి మామూలుగా చెప్పాను, ఏదో చెప్పాలి కాబట్టి. ఆ ఆదివారం మా అత్త ఇనుప పెట్టె తెరిచి మా ఆయన ఖాకీ చొక్కా, ప్యాంటు బయటికి తీసింది. వాకిట్లో కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పింది.

"చేతులు చాపు" అంది.

చాపాను. కొలత చూసింది. ఆయన భుజాలు వెడల్పు. రెండు పక్కలా బట్ట లోపలికి మడిచి సూదితో టాకాలు వేసింది. చొక్కా చేతులు మోచేతి పైకి కత్తిరించసాగింది. కత్తెర పెట్టిన చోటే ఆగిపోయి, బట్టను ముఖానికి అదుముకుని ఏడ్చింది. నేను చేతులు అలాగే చాపి నిలబడ్డాను. దించవచ్చా లేదా తెలియలేదు. కొంతసేపటికి ముక్కు తుడుచుకుని, "తిరుగు" అంది. తిరిగాను.

మర్నాడు అది వేసుకుంటున్నప్పుడు వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఏదైనా ఉండాలి కదా అని మళ్లీ చూశాను. టైం అవుతోందని గుండీలు పెట్టుకున్నాను. దారిలో అందరూ చూస్తారని పైన చీర చుట్టుకుని వెళ్లి, వర్క్‌షాప్‌లో విప్పి మడతపెట్టి, సామాన్ల గది మూలన పెట్టేదాన్ని. ఉస్తాద్ ఆ చొక్కా ఎవరిదని అడగలేదు. "జుట్టు కూడ గట్టిగ కట్టు" అన్నాడు, అంతే.

పని తొందరగానే వచ్చింది. కడ్డీని చక్‌లో బిగించడం, అది వంకర లేకుండా తిరుగుతోందా అని చూడటం, టూలును నెమ్మదిగా ముందుకు నడపడం. ఇనుము సన్నటి రింగులుగా చుట్టుకుంటూ లేస్తుంది. పాలలాంటి నూనెనీళ్లు దాని మీద పారుతుంటాయి. ఒకరోజు ఉస్తాద్ తన తలలోంచి ఒక వెంట్రుక పీకి, మందం కొలిచే మైక్రోమీటర్‌లో పెట్టి నాకు చూపించాడు.

"దీన్ని నిలువునా ఏడు పాయలుగ చీల్చినవనుకో. అండ్ల ఒక్క పాయ. గంత తేడా వచ్చినా బేరింగ్ కూసోదు."

నేను తల ఊపాను. అర్థమైందా అని అడిగాడు. అవ్ అన్నాను. నిజంగానే అర్థమైంది. మైక్రోమీటర్ చెప్పేది ఏదైనా నాకు అర్థమయ్యేది. మనుషులు చెప్పేవే మధ్యలో ఎక్కడో జారిపోయేవి. మిగతా పిల్లలు టీకి వెళ్లినా నేను వెళ్లేదాన్ని కాదు. అది శ్రద్ధ అనుకున్నారు. మిషన్ ఆపితే ఏం చేయాలో తెలియక వెళ్లేదాన్ని కాదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పంపు షాఫ్టు కడ్డీ ఒకటి తిప్పుతున్నాను. వెనకనుంచి ఉస్తాద్ అరుపు వినిపించింది. "బంద్ చెయ్! బంద్ చెయ్!" నేను ఆపేలోపే ఆయన వచ్చి స్విచ్చి నొక్కేశాడు. ఏం తప్పు చేశానా అని చక్‌లో ఉన్న జాబ్ వైపు, అంటే నేను చెక్కుతున్న ఇనుము వైపు చూశాను. కొలత సరిగానే ఉంది.

"నీ చెయ్యి చూస్కో" అన్నాడు.

ఇనుప రింగు ఒకటి తగిలి అరచెయ్యి మణికట్టు దాకా తెగింది. నూనెనీళ్లు ఎర్రగా పారుతున్నాయి. కింద ట్రేలో కూడా ఎరుపే. అది ఎప్పుడు తెగిందో నాకు తెలియదు.

"నొస్తలేదా?"

"లేదు ఉస్తాద్."

ఆయన నా ముఖంలోకి చూశాడు. చేరిన తరువాత అలా చూడటం అదే మొదటిసారి. తన రుమాలు నా చేతికి చుట్టి, ఒక పిల్లవాణ్ణి తోడిచ్చి దవాఖానాకు పంపించాడు. అక్కడ కుట్లు వేస్తున్నప్పుడు నర్సు, "అబ్బ, ఎంత ఓపికమ్మా నీకు" అంది.

కుట్లు విప్పించుకుని తిరిగి వెళ్తే ఉస్తాద్ నన్ను లేతు దగ్గరికి రానివ్వలేదు.

"నొప్పి తెల్వని మనిషిని నేను మిషన్ మీద నిలవెట్ట. ఇయ్యాల చర్మం తెగింది. రేపు వేలు పోయినంక నాకు చూపిస్తవ."

"నాకు పని వచ్చు కద ఉస్తాద్."

"పని వచ్చు. దాని ముంగట నువ్వుండాలె కద. నువ్వు ఉంటలేవు."

ఒక ఇనుప దిమ్మ ఇచ్చి, ఆకురాయితో రాసి నున్నగా చేయమన్నాడు. బల్లకున్న వైసు దవడల్లో దాన్ని బిగించి, ఆకురాయి రెండు చేతులా పట్టుకుని ముందుకు తోయాలి, వెనక్కి లాగాలి. చదును వచ్చిందో లేదో ఉక్కు బద్ద అంచు పెట్టి వెలుతురులో చూస్తే, ఎక్కడో ఒకచోట సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. మళ్లీ రాయాలి. చేరిన కొత్తలో పిల్లలకు ఇచ్చే పని అది. వాళ్లు లేతుల మీద ఉంటే నేను గోడ పక్కన దిమ్మ రాస్తూ ఉన్నాను. అవమానం అనిపించాలి. అనిపించలేదు. వానలు మొదలయ్యాయి. రేకుల మీద వాన పడుతుంటే షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. నాకు అది హాయిగా ఉందని చెప్పలేను కానీ, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

ఇంట్లో మా అత్తకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె రోజూ ఖాకీ చొక్కా ఉతికి ఆరేసేది. చెమటకు చంకల్లో కుట్లు ఊడితే మళ్లీ వేసేది.

నాకు ఒక మైక్రోమీటర్ అప్పగించారు. చెక్క డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టుకునేదాన్ని. ఒకరోజు దిమ్మ కొలవబోతే డబ్బా ఖాళీగా ఉంది. చూస్తే తోటి అప్రెంటిస్ ఒకడు దాన్ని తీసుకుని, జాబ్ ఇంకా తిరుగుతుండగానే కొలుస్తున్నాడు. అది ఎగిరి సిమెంటు నేల మీద పడింది. వాడు తీసి చొక్కాకు తుడిచి, "ఏం కాలేదక్కా" అంటూ చాపాడు.

నేను అరిచాను. ఏమన్నానో మొత్తం గుర్తులేదు. "ఎవన్నడిగి తీసినవ్‌రా? నీ చేతులు ఇరగ, అది నాది!" అన్నది గుర్తుంది. షెడ్డులో ఒకదాని తరువాత ఒకటి మిషన్లు ఆగాయి. వాడు బెదిరిపోయి నిలబడ్డాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నా కాళ్లకు చెప్పులున్నాయని, షెడ్డులో ఉక్కగా ఉందని, కడుపులో ఆకలిగా ఉందని అన్నీ ఒకేసారి తెలిశాయి. తరువాత అదంతా మళ్లీ మెల్లగా దిగిపోయింది. నేను వెళ్లి దిమ్మ రాయడం మొదలుపెట్టాను.

ఆ వారంలోనే ఒక పొద్దున ఉస్తాద్, "లేత్ కాడికి రా" అన్నాడు. ఆ అరుపుకూ దీనికీ సంబంధం ఉందో, వేరే ఎవరో సెలవు పెట్టారో నాకు తెలియదు. అడగలేదు.

శిక్షణ చివర్లో పరీక్ష పెట్టారు. ఒక షాఫ్టు, దాని మీద సరిగ్గా కూర్చునే గొట్టం లాంటి ఇత్తడి బుష్షు చేయాలి. నాది వదులైంది. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన దాన్ని చెవి దగ్గర ఊపితే టకటక చప్పుడైంది. ఫెయిల్ చేశాడు. పిల్లల్లో చాలామంది పాసయ్యారు. ఉస్తాద్ నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. "తొందరేమొచ్చె నీకు, ఆఖరి కోత ఎందుకు అంత లోతు పట్టినవ్?" అని రోజంతా గొణిగాడు. మళ్లీ పరీక్ష పెట్టేదాకా రోజూ బుష్షులే చేయించాడు. రెండోసారి బుష్షు షాఫ్టు మీదికి ఎక్కడా తట్టకుండా, నూనె బొట్టు వెంట జారినట్టు నెమ్మదిగా దిగింది. పరీక్షకు వచ్చినాయన దాన్ని వెనక్కి లాగి, మళ్లీ దింపి చూసుకున్నాడు. సంతకం పెట్టాడు.

ఆ షెడ్డులోనే టర్నర్‌గా చేరి, నా నడుము ఒప్పుకున్నంత కాలం పని చేశాను. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పెద్ద నిర్ణయమేమీ కాదు, ఆ మాట వచ్చినప్పుడల్లా వాయిదా వేశాను. మా అత్త నాతోనే ఉంది. ఏడుపు కూడా ఎప్పుడో వచ్చింది, ఆయన గుర్తొచ్చి కాదు, పన్ను నొప్పికి. మొదలయ్యాక చాలాసేపు ఆగలేదు.

ఆ పరీక్ష పాసైన రోజు ఇంటికొచ్చి చెబితే మా అత్త పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే విన్నది.

"మరి ఖుషీగ ఉన్నదా నీకు?"

"తెల్వదు అత్తమ్మ."

"నాక్కూడ తెల్వదు బిడ్డా" అంది. కంచం నా ముందు పెట్టి అన్నం వడ్డించింది. పచ్చిపులుసు పోసి, తనూ ఒక కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.