అక్క పావురాలకు నేను పోసిన పాలు

పక్షవాతంతో అక్క ఎడమ చెయ్యి పడిపోయింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారానికి నేను వాళ్ల ఊరు తోటపల్లి గూడూరు వెళ్లాను. ముందురోజు సాయంత్రమే బావ పని కానిచ్చాడు. గది గోడకున్న వెంటిలేటర్‌లో గూడు కట్టుకున్న పావురాల జంటను రొయ్యల గుంట మీద కప్పే వలతో పట్టి, కోసి, ఆ వేడి నెత్తురు చేతికి పూసి గుడ్డ చుట్టాడు. ఈ నెత్తురు వైద్యాన్ని ఎన్ని హేతువాద సభల్లో ఖండించానో నాకే గుర్తులేదు. ఇప్పుడు సొంత అక్క మంచం దగ్గర ఆ నీచు వాసన పీలుస్తూ నిలబడ్డాను.

"మీటరు కాలిపోతే బల్బు తుడిచినట్టుంది బావా. దెబ్బ తగిలింది మెదడుకి," అన్నాను.

"నీ ఉపన్యాసాలు నెల్లూర్లో చెప్పుకో బామ్మర్దీ. మీ డాక్టరు లేపినాడా చెయ్యి?"

అక్క మా వాదన వినడం లేదు. కుడిచేత్తో గూడు చూపించింది. మాట ముద్దగా వచ్చింది.

"పిల్లలు... రెండుండాయి. బతికించరా."

రోజూ ఆ జంటకు నూకలు చల్లింది ఆమే.

స్టూలెక్కి చూశాను. కళ్లు తెరవని రెండు పిల్లలు, ఒంటినిండా పచ్చటి నూగు. పావురం తన పిల్లలకు పాలు పడుతుందని ఎక్కడో చదివాను. నా దగ్గరున్న శాస్త్రమంతా ఆ ఒక్క వాక్యమే. పాల ప్యాకెట్ తెప్పించి, గోరువెచ్చగా కాచి, మందు చుక్కల గొట్టంతో మూడు పూటలా పోశాను. బావ గుమ్మంలో నిలబడి నవ్వుతుంటే ఇంకాస్త పట్టుదలగా పోశాను.

తెల్లారేసరికి పొట్టలుబ్బి రెండూ చచ్చిపోయాయి. పక్కింట్లో పావురాలు పెంచే దర్జీ భాయ్‌ని పిలిచాను. ఒకదాన్ని అరచేతిలో తిప్పి చూశాడు.

"ప్యాకెట్ పాలా పోసింది? అరగవన్నా వీటికి. పావురాల పాలు గొంతుసంచిలో ఊరతాయి, జున్నుముక్కల మాదిరి. తల్లీ తండ్రీ ఇద్దరూ కక్కి పెడతాయి. నానిన శనగలు మెత్తగా నూరి పెట్టుంటే ఒకటన్నా నిలిచేదేమో. గోడవతల్నే ఉండాను గదా, ఒక్క కేక వెయ్యకూడదా?"

చదువుకున్నవాణ్ణి. ఒక దర్జీని అడగాలని నాకు తోచలేదు. బావ చేసింది మూఢత్వమైతే, నేను చేసినదానికి వేరే పేరు వెతకడం నిజాయితీ కాదు.

అక్క లేవకముందే వాటిని పెరట్లో పూడ్చి లోపలికి వచ్చాను. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి గూటి వైపు చూసింది.

"తాగినాయా?"

"తాగినాయక్కా," అన్నాను.

రుజువు అడగలేదు. నమ్మింది.