కాలువలో కడిగిన కారు

మొన్న ఆటోలో మోస్రా వైపు పోతుంటే, కాలువ గట్టు కింద ఒకాయన లుంగీ ఎగ్గట్టి, తన కారును చక్రాలు మునిగేదాకా నీళ్ళలోకి దింపి కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. ఆటో ఆపించి, గట్టు మీదినుంచే "అన్నా, గట్ల దింపకు, కింద సిలుం పడ్తది" అని, తుప్పు సంగతి అరిచి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఒక నవ్వు నవ్వి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. ఆయన్ని అని లాభం లేదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో చీరల దుకాణం నడుపుకునే ఆడమనిషికి కారు అడుగు సంగతి ఏం తెలుసనుకున్నాడో ఏమో. కార్ల గురించి నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే. కానీ అది గట్టిగా తెలుసు.

మా బావకు, అంటే మా ఆయన అన్నకు, ఒక పాత తెల్ల కారు ఉంది. మోస్రాలో వాళ్ళ ఇంటిముందు రేకుల కొట్టంలో ఉంటుంది. సొంత పిల్లల తలంటి సంగతి ఏనాడూ పట్టించుకోని మనిషి, ఆ కారుకు మాత్రం వారం వారం కాలువ స్నానం చేయించేవాడు. బర్రెలు ఒకపక్క, కారు ఒకపక్క. కడిగాక పైపైన మెత్తటి బట్టతో తుడిచి, అడుగున నీళ్ళు కారుతుండగానే కొట్టంలో పెట్టేవాడు. మా యారాలికి, అంటే ఆయన భార్యకు, కారు నడపడం నేర్పింది కూడా ఆయనే. కోతలప్పుడు మగవాళ్ళు ఒక్కరూ ఖాళీగా దొరకరు. ఆమెకేమో వర్నిలో ఉన్న వాళ్ళక్కను చూడకపోతే ముద్ద దిగదు. ఎవరినీ బతిమాలకుండా పోయి రావాలని, యాభై ఏళ్ళకు దగ్గర పడ్డాక స్టీరింగు పట్టింది. నేర్చుకున్నాక ఆమె నడకే మారింది. చేతిలో తాళంచెవి లేకపోయినా ఉన్నట్టే నడిచేది.

ఒక ఎండాకాలం, యాసంగి కోతల్లో, వర్ని నుంచి ఇద్దరమే వస్తున్నాం. నా ఒళ్ళో మామిడికాయ తొక్కు జాడీ. మోస్రాలో ఇంటి సందు తిరగ్గానే రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి మధ్య ఒక ముసలవ్వ, మాకు వీపు పెట్టి, కాళ్ళతో వడ్లు నెరుపుతోంది. యారాలు బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. "అవ్వో, జరుగూ!" అని ఆమె అరవడం వినబడింది, ఆ తర్వాత నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కారు ముక్కు పక్కనున్న గడ్డివాములో ఉంది, జాడీ పగలలేదు, అవ్వ మాత్రం నిలబడి మమ్మల్ని తిడుతూనే ఉంది. ఆ తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

"తొక్కిన. కాలు కిందిదాక పోయింది, ఆగలే" అని యారాలు అందరికీ చెప్పింది. ఎవరు వింటారు? "బ్రేకనుకొని రేసు తొక్కినవ్, గంతే" అన్నాడు బావ. కోపంతో కూడా కాదు, జాలిగా అన్నాడు. అదే ఆమెను చంపింది. ట్రాక్టరుతో కారును కొట్టంలోకి లాగించి, తాళంచెవి బీరువాలో పెట్టేశాడు. నన్ను సాక్ష్యం అడిగితే, కళ్ళు మూసుకున్న సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది? పోను పోను ఆమెకే తన మీద నమ్మకం పోయింది. కూరగాయలు కోస్తూ కోస్తూ కుడికాలు నేలకు నొక్కి చూసుకునేది. "ఆ అవ్వకు తాకితే ఏమైతుండె చెల్లె? నేనే తప్పు తొక్కిన్నేమో" అనేది. వర్ని పోవడం మానేసింది. వాళ్ళక్క ఫోన్ చేస్తే పనులున్నాయనేది.

నాట్లు పడే రోజుల్లో, సొట్టలు తీయించి కారును అమ్మేద్దామని బావ బోధన్ నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. నేనూ ఆరోజు అక్కడే ఉన్నాను. అతను సొట్ట చూసే ముందు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాడు. దిగి, కారు కిందికి దూరాడు. చాలాసేపటికి, వంకర తిరిగిన సన్నటి పైపు ముక్కతో బయటికొచ్చాడు. ఎర్రగా తుప్పు పట్టి ఉంది. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది.

"పటేలా, బ్రేక్ ఆయిల్ పోయే పైపు గిది. సిలుం తిని పలిగింది. గిట్ల పలిగినంక ఎవ్వలు తొక్కినా ఆగది. బండిని నీళ్లల్ల గిట్ల దింపుతరా?"

బావ ఆ పైపు ముక్కను తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. యారాలు వాకిట్లోనే కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఏడుస్తోందనుకున్నాను. ఏడుస్తూనే నవ్వుతోంది. "నేను సరిగనే తొక్కిన చెల్లె" అంది. మళ్ళీ మళ్ళీ అదే మాట. నా గుండె మీదినుంచి కూడా బస్తా దించినట్టయింది.

మెకానిక్ తుప్పు పట్టిన పైపులన్నీ పీకేశాడు. పాతవి ఎలా వంగి ఉన్నాయో కొత్తవీ అలాగే వంచి బిగించి, ఆయిల్ పోశాడు. పైపుల్లో గాలి చిక్కుకుంటుందట. దాన్ని తీయడానికి అతను కింద ఉండాలి, పైన ఒకరు కూర్చుని బ్రేకు తొక్కుతూ ఉండాలి. బావ ఎక్కబోయి, ఆగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వే ఎక్కు. నేనే బేకారోన్ని, నీ మాట ఇనకపోతి" అన్నాడు భార్యతో. ఆమె ఎక్కింది. "తొక్కుండ్రి అక్కా... ఇడువుండ్రి..." అని కింది నుంచి అతను చెప్పడం, ఆమె తొక్కడం. మొదట మెత్తగా దిగిపోయిన పెడలు, కాసేపటికి కాలు కింద గట్టిపడింది. ఆ సంగతి ఆమె చెప్పక్కర లేకపోయింది, మొహంలోనే కనబడింది. కారు అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాలువ స్నానాలు బర్రెలకే మిగిలాయి.

ఇప్పుడు ఆమె వర్ని ఒక్కటే కాదు, నిజామాబాద్ కూడా వస్తుంది. మా గేటు ముందు కారు ఆపి హారన్ కొడుతుంది. నేను బయటికొచ్చేదాకా కాలు బ్రేకు మీదినుంచి తీయదు. తన మాట మీద తనకే నమ్మకం లేకుండా గడిపిన ఆ నెలల్ని ఆమెకు ఎవరమూ తిరిగి ఇవ్వలేం. కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళూ, వర్నిలో వాళ్ళక్క ఏ రోజు రమ్మంటే ఆ రోజే పోయి వస్తోంది.