సాలెపురుగుకు పురుడు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో లేదని గట్టి నమ్మకం. డిగ్రీ పూర్తయింది, ప్రొద్దుటూరులో మా నాయన బట్టలంగట్లో మీటరు కడ్డీ చేతికొచ్చింది. (పట్టుకోవడం వరకే నా పని, కొలిచేది నాయనే. నేను కొలిస్తే జాకెట్టు గుడ్డ లంగాకు కూడా సరిపోయేది.) ఇంతటి మేధావిని వెతుక్కుంటూ పులివెందుల నుంచి నా కాలేజీ దోస్తు వచ్చాడు. మేమంతా వాణ్ణి ‘పురుగులోడు’ అనేవాళ్లం. కువైట్లో పని దొరికిందట, రెండేళ్లు రాడట. చేతిలో గాజు పెట్టె, అందులో అరచెయ్యంత సాలెపురుగు, ఒళ్లంతా బొచ్చు. దాన్ని టరంటులా అంటారనీ, దాని పేరు రాణి అనీ చెప్పాడు. “మామా, ఇది ఇంట్లో ఉంటే చీపురుతో కొడతానంటాంది మా యమ్మ. నువ్వయితేనే చూసుకుంటావు. నా పానం రా ఇది” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను రొమ్ము విరుచుకుని, “నీ పానం నా పానం కాదా? నువ్వు నిమ్మళంగా పో మామా” అన్నాను. వాడు ఎర్రగుంట్లలో రైలెక్కిన తర్వాత గానీ తట్టలేదు, మాటిచ్చింది నేనే అయినా చోటియ్యాల్సింది మా అమ్మ అని.

వాడు కాగితం మీద రాసిచ్చిన షరతులు చూస్తే కొత్తల్లుడే నయం. ఎండ తగలకూడదు, అదురు ఉండకూడదు, పొగ సోకకూడదు, చల్లగా చీకటిగా ఉండాలి. హాల్లో పెడదామంటే నాయన టీవీ పెట్టాడంటే గూట్లో గలాసులు గలగలమంటాయి. మిద్దె మీద రేకుల గదిలో మే నెలలో నూనె లేకుండానే అప్పడాలు వేగుతాయి. బీరువా మీద పెడతానంటే అమ్మ లేచింది. “నా పట్టుచీరల నెత్తిన పురుగా? అదుంటే నేనుండను. ఎవురు కావాల్నో తేల్చుకో” అంది. (తేల్చుకోవడానికి నేను కాస్త ఆలోచించినందుకు ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.) వంటింటి గురించి అడగనే లేదు, నాకు అంత ధైర్యం లేదు.

ఇక మిగిలింది మా జేజి గది. జేజి అంటే నాయన తల్లి. ఇంటికి నడిమధ్య గది, మందపాటి గోడలు, గోడలో కడప బండల గూళ్లు. ఎంత ఎండాకాలమైనా ఆ బండ మీద చెయ్యి పెడితే కుండ మీద పెట్టినట్టే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే, పక్క గూట్లోనే జేజి దేవుళ్లు. శుక్రవారం సాయంత్రం ఆమె సాంబ్రాణి ధూపం వేసిందంటే ఇంట్లో ఒకరి మొహం ఒకరికి కనపడదు. భయపడుతూనే పెట్టె చూపించాను. జేజి అద్దాలు పెట్టుకుని వంగి చూసి, “ఏందిరా, దీనికిన్ని వెంట్రుకలు? మీ అబ్బ నెత్తిన కూడా ఇన్ని లేకపాయ” అంది. తాతను తలుచుకుని కాసేపు నవ్వుకుంది. “ఉండనీలే. మూల కూర్చుంటాది, ఎవుర్నీ ఒక మాటనదు. ఈ ఇంట్లో అట్లాంటోళ్లు ఇంకెవురుండారు?” అంది. అమ్మ వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా పెట్టింది. ధూపం వేసేముందు పెట్టెను నేను మిద్దె మీదికి తీసుకుపోవాలి, పొగ పోయాక తేవాలి, అదీ ఒప్పందం. నాలుగు నెలలు రాణికి ఏ లోటూ రాలేదు. తిండికి మా అంగట్లో బొద్దింకలకు కరువే లేదు. (ఈ మాట నాయన కంట పడకూడదు.)

ఒక శుక్రవారం సాయంత్రం మామూలుగానే పెట్టె తీసుకుపోదామని వెళ్లాను. రాణి వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్లూ పైకే. కదలిక లేదు. ఇరవై రెండేళ్ల మగవాణ్ణి, గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. వాడికి ఏమని చెప్పాలి? సంతోషించాల్సిన అమ్మ కూడా “అయ్యో పాపం” అంది. కువైట్‌కు వీడియో కాల్ చేసి చూపించాను. వాడు చూసి ఒక్క అరుపు అరిచాడు. “నీ తెలివి తగలెయ్య! చచ్చేదైతే కాళ్లు కిందికి ముడుచుకుంటాది. వెల్లకిలా పండుకున్యాదంటే పాత చర్మం విడుచ్చాంది. ఇప్పుడు కదిలిచ్చినా, పొగ తగిలినా పానం పోతాది. రేపటిదాకా పెట్టె ముట్టుకోవాకు మామా!”

తల తిప్పితే గడపలో జేజి. ఒక చేతిలో ఎర్రగా రాజుకున్న నిప్పులు, ఇంకో చేతిలో సాంబ్రాణి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ధూపం తప్పిన శుక్రవారం లేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా గోడ పట్టుకుని లేచి వేసింది. అలాంటి మనిషిని మానుకోమని ఏ నోటితో అడగను?

“ఏమంటాండాడు వాడు?” అంది.

“పాత ఒళ్లు ఇడిసి కొత్త ఒంటితో బయటికొచ్చాందంట జేజీ. పొగ తగిల్తే బతకదంట.”

జేజి పెట్టె వైపు చూసింది, దేవుళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది. పోయి నిప్పుల మీద చెంబెడు నీళ్లు గుమ్మరించి వచ్చింది. “అయితే ఇంట్లో పురుడొచ్చినట్టు గదరా! పురిటింట్లో ధూపమేంది? పదకొండో దినం దాకా దీపం గూడా లేదు.”

“పురుగుకు పురుడేందత్తా?” అంది అమ్మ.

“ఏం, అది మనింట్లో తింటల్యా?”

అంగడి నుంచి అప్పుడే వచ్చిన నాయన, గడపలోనే పురుడు అన్న మాట విని అమ్మ వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

తెల్లవారి చూస్తే పెట్టెలో రెండు రాణులు. ఒకటి ఉత్త తోలు, ఇంకొకటి నిగనిగలాడుతూ కొత్తది. నాకు పోయిన పానం తిరిగొచ్చింది. జేజి పది రోజులూ దేవుడి గూటి వైపు పోకుండా పురుడు పట్టి, పదకొండో రోజు ఇల్లంతా కడిగించింది. ఆ తోలును ఖాళీ కుంకుమ భరిణెలో పెట్టి దాచుకుంది. రెండేళ్లకు పురుగులోడు వచ్చి రాణిని పులివెందులకు తీసుకుపోయాడు గానీ, భరిణె మాత్రం జేజి ఇవ్వలేదు.

ఈ కథ నేను చెప్పని పెళ్లి లేదు, చెప్పని రైలు ప్రయాణం లేదు. పోయినేడు మా ఆవిడకు చెబుతూ, జేజి ముందే, “పిచ్చి జేజి, తోలు ఇడిస్తే కానుపనుకునింది” అని పడీపడీ నవ్వాను.

జేజి ఒత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే అంది. “లింగాలలో మా నాయన చెనిక్కాయ చేన్లో పాము కుబుసాలు ఎన్ని ఏరి పారేసినానో. తోలు ఇడిసేది నాకు తెలీదంట్రా? అంగడికి పోయే మొగోడివి, గోడకానుకోని ఏడుచ్చాంటివి. ఊరికే ధూపం మానేస్తే దేవుడు ఏమనుకుంటాడు? ఆయనకేదో ఒక కారణం చెప్పాల గదా.”

మా ఆవిడ నా వైపు చూసింది. నాకు నవ్వు ఆగిపోయి, కాసేపటికి ఇంకో రకం నవ్వు వచ్చింది. గోడకానుకుని ఏడ్చిన ఆ ఇరవై రెండేళ్ల మేధావి కళ్లముందు కనపడ్డాడు. పాపం, జేజికి ఏమీ తెలియదని ఎంత ధీమాగా ఉన్నాడో.